ఈ తలుపుకి తాళం పడదు

జూన్ 8, ఆదివారం

రెబెకా ఈ పుస్తకం ఇచ్చింది బీపీ రాసుకోమని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పక్కన తారీఖు వేసి. ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రిలో ఊరందరి బీపీలూ చూసే మనిషి, మొగుడి బీపీ మాత్రం మొగుడే చూసుకోవాలట. పొద్దున 150/100. ఇంతవరకూ ఆవిడ కోసం. మిగతా పేజీ నాది.

ఆరాధన అయ్యాక గుడివాడ నుంచి ఒక్కణ్ణే బయల్దేరి బందరు మీదుగా మంగినపూడి బీచ్‌లో మేం కట్టుకున్న ఇంటికి వెళ్ళాను. గేటు తీస్తూనే వాసన. లోపల ఏదో చచ్చిందనుకున్నాను. చచ్చినవి ఫ్రిజ్‌లో ఉన్నాయి. పోయిన వారం మా చర్చి స్త్రీల కూటం వాళ్ళు వచ్చి రెండు రోజులు ఉపవాస ప్రార్థన చేసుకున్నారు. ఉపవాసం విడిచాక తిన్న రొయ్యల తలకాయలన్నీ ఒక కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయారు. వెళ్తూ వెళ్తూ, మాకు కరెంటు ఆదా చేద్దామని, మెయిన్ స్విచ్ కట్టేశారు. ఈ ఎండల్లో వారం రోజులు. ఫ్రిజ్ తలుపు తీయగానే నల్లటి నీళ్ళు నా పాదాల మీద కారాయి. ఆ నీళ్ళలో తెల్లగా ఏవో కదులుతున్నాయి. సింకులో వాంతి చేసుకున్నాను, దాన్ని నేనే కడుక్కున్నాను.

వెంకాయమ్మ వచ్చి బూడిద పోసి, ఫినాయిలు పోసి, చేత్తోనే అంతా ఎత్తేసింది. ఇల్లు చూసుకోడానికి పెట్టుకున్నాం ఆవిణ్ణి. మా ప్రహరీ వెనకే వాళ్ళ పల్లె. మొగుడు సామ్యేలు గిలకలదిండి హార్బర్లో బోట్ల మీద వేటకి వెళ్ళేవాడు, రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. "రొయ్య కదండీ, అంతేనండీ" అంది, రొయ్య తరఫున క్షమాపణ చెబుతున్నట్టు.

ఆ ఫ్రిజ్ ఇక పనికిరాదు. వాసన నా గోళ్ళలో ఉంది ఇప్పటికీ.

జూన్ 11, బుధవారం

160/100. రెబెకా ఉప్పు తగ్గించమంది. నేను తినే ఉప్పెంత, ఆ ఇల్లు తింటున్న ఉప్పెంత.

జూన్ 15, ఆదివారం

ఇవాళ ఆరాధన అయిపోయాక మెట్ల దగ్గర ముగ్గురు అడిగారు. "వందనాలండీ సాల్మన్ గారూ, వచ్చే శనివారం ఖాళీయేనా అండీ?" ఎవరు ఖాళీ? నేనా, ఇల్లా? ఖాళీయేనండీ అన్నాను. ఇంకేం అంటాను.

తప్పు నాదే, నా నోటిది. జనవరిలో గృహప్రతిష్ఠ ప్రార్థన. షామియానా, బిరియానీ, గుడివాడ నుంచి రెండు బస్సుల సంఘం, వెనక పల్లె నుంచి కూడా జనం. సామ్యేలుని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. పాస్టర్ గారు ఇంటికి రెహోబోతు అని పేరు పెట్టారు, అందరికీ చోటున్న ఇల్లని అర్థం చెప్పారు. ఆ తర్వాత మైకు నా చేతికిచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. వెనక కీబోర్డు మెల్లగా మోగుతోంది. సముద్రం గాలి. అందరి కళ్ళూ నా మీద. మా నాన్న పాలేరు పని చేసిన మనిషి, నేను పాలిటెక్నిక్‌లో సీనియర్ లెక్చరర్ని, నాకు బీచ్‌లో ఇల్లు.  నోటికొచ్చింది అన్నాను.

"ఈ ఇల్లు నాది కాదు, ప్రభువుది. ఎవరొచ్చినా మీదే అనుకోండి. ఈ తలుపుకి తాళం పడదు."

స్తోత్రం, స్తోత్రం అని అందరూ చేతులెత్తారు. ఇలాంటి సాక్ష్యాలు నేను చిన్నప్పట్నుంచీ కొన్ని వందలు విన్నాను. నా సర్వస్వం ప్రభువుకే అన్నవాళ్ళ ఇంటికి ఎవరూ వెళ్ళి సర్వస్వం అడగరు. అది మామూలే. కానీ నేను ఒక తలుపూ, ఒక తాళమూ అని వస్తువులు చూపించి చెప్పాను. వాళ్ళు పట్టుకున్నారు.

జూలై 6, ఆదివారం

ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకి కాంక్రీటు పాఠం చెప్పాను. ఉప్పు నీటితో కలపకూడదు, ఉప్పు నీటితో తడపకూడదు, లోపలి ఇనుముకి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. బ్లాక్ బోర్డు మీద బొమ్మ వేసి మరీ.

ఇవాళ పడగ్గదిలో పడుకుని పైకి చూస్తే శ్లాబులో గోధుమరంగు మరక. అరచేతంత. వేలితో గీకితే పెచ్చు ఊడి మొహం మీద పడింది. లోపల ఊచ కనిపిస్తోంది, ఏడో నెలకే. మేస్త్రీ పక్కనున్న నూతి నీళ్ళతో తడుపుతున్నాడని నాకు తెలుసు. ట్యాంకర్లు తెప్పించడం ఖర్చని నేనే అటువైపు చూడ్డం మానేశాను. పాఠం పిల్లలకి, ఇల్లు నాకు.

కిటికీ ఊచలు పట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుతోంది. ఏసీ బయట పెట్టె రేకులు బిస్కెట్టులా విరుగుతున్నాయి. స్విచ్చి బోర్డుల్లో పచ్చగా ఏదో పూసింది. రెబెకా పెడన వెళ్ళి, దగ్గరుండి అద్దించుకుని తెచ్చిన కలంకారీ కర్టెన్ల మీద నల్లటి బూజు చుక్కలు. ఆవిడ వాటిలో ఒకటి విప్పి, మడతపెట్టి, కార్లో పెట్టుకుంది.

ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ కట్టాక అందులో పడుకుని పైకి చూడమని ఎవరూ అనలేదు.

జూలై 12, శనివారం

బీచ్ ఇంట్లో మా చర్చి కుర్రాళ్ళ యూత్ రిట్రీట్ నిన్నటితో ముగిసింది. నలభై మంది. మొన్న పౌర్ణమి. పోటు పెరిగితే ఇక్కడ నేల కింద నీళ్ళు పైకొస్తాయి. సెప్టిక్ ట్యాంకులోది కిందికి పోవడానికి చోటుండదు. నలభై మందిదీ తిరిగి పైకొచ్చింది, బాత్రూమ్ గడప దాటి, హాల్లోకి, రెబెకా వేయించిన తెల్ల టైల్స్ మీదికి. వాళ్ళు బయట ఇసుకలో కూర్చుని పాటలు పాడుకుంటున్నారు. పాట బాగానే ఉంది.

రాత్రి అన్నం తినలేదు. ఇవాళా తినబుద్ధి కాలేదు.

జూలై 20, ఆదివారం

కుక్కర్ పోయింది. పది లీటర్లది, కొత్తది. రిట్రీట్ అయ్యాక మా మరదలు సునీత వాళ్ళు ఒక పూట ఉండి వెళ్ళారు, ఆ తర్వాత ఎవరూ రాలేదు. తాళంచెవి ఉన్నది వెంకాయమ్మ దగ్గర. లెక్క తేలికే.

అడిగాను. నాకు తెలీదండీ అంది. ఆ "తెలీదండీ" నాకు నచ్చలేదు. ఇన్నాళ్ళ రొయ్యలు, బురద, ఇనప తుప్పు, అందరి మలం, అన్నీ గొంతు దాకా ఉన్నాయి. నడువు, మీ ఇల్లు చూస్తానన్నాను. పల్లె మొత్తం గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. ఒక్క గది. సామ్యేలు మంచం, దాని కింద అల్యూమినియం గిన్నెలు. మంచం కిందికి వంగి చూశాను. సామ్యేలు ఎడమ చేయి ఎత్తి నమస్కారం పెట్టాడు, కుడి చేయి లేవదు. నేను మంచం కింద ఉండగా పెట్టాడు.

కుక్కర్ లేదు. ఎక్కడో అమ్మేసి ఉంటుంది.

ఆగస్టు 3, ఆదివారం

మధ్యాహ్నం సునీత భోజనానికి పిలిచింది. వంటింట్లో పొయ్యి మీద మా కుక్కర్. "ఆ రోజు మిగిలిన పులావు అందులోనే పట్టుకొచ్చేశాను బావగారూ, ఇద్దామనుకుంటూనే మర్చిపోయాను" అంది. పర్లేదమ్మా అన్నాను. అందులో వండిన కూర రెండుసార్లు వడ్డించుకున్నాను.

దార్లో రెబెకా ఒక్కటే అడిగింది. వెంకాయమ్మకి ఫోన్ చేస్తావా అని. ఇలాంటివి ఫోన్లో చెప్పేవి కావు, ఎదురుగా చెప్పాలి అన్నాను. వచ్చే వారం చెప్తాను.

ఆగస్టు 10, ఆదివారం

వెళ్ళాను. వెంకాయమ్మకి చెప్పేవాణ్ణే. తీరా వెళ్తే డాబా మీద నెత్తళ్ళు ఆరబోసి ఉన్నాయి. ఆ మూల నుంచి ఈ మూల దాకా. కింద ఇసుకలో ఆరబోస్తే కుక్కలు పడుతున్నాయండీ, అందుకని వీరదుర్గవి కూడా ఇక్కడే పోశామండీ అంది. వీరదుర్గ ఆవిడ పక్కింటామె, చేపల బుట్ట మోస్తుంది. ఇద్దరూ కలిసి నా డాబాని ఎండుచేపల కళ్ళం చేశారు. కింద నా పరుపులో కూడా ఆ కంపు. అరిచాను. ఇంకెప్పుడూ పైకి ఎక్కొద్దన్నాను. రెండు గంటలసేపు వంగి చీపురుతో, చేటతో ఎత్తుకున్నారు.

ఆ మాటల్లో కుక్కర్ సంగతి ఎలా వస్తుంది. వచ్చే వారం.

సాయంత్రం బందరు బజారులో ఇత్తడి తాళం కొన్నాను, పెద్దది. ఇత్తడికి తుప్పు పట్టదు. గొళ్ళానికి వేసి, వెంకాయమ్మ దగ్గరున్న పాత తాళంచెవి తీసుకున్నాను. రిపేర్లు చేయిస్తున్నాం, కొన్నాళ్ళు ఎవర్నీ రానివ్వద్దన్నాను. కొత్త తాళంచెవులు రెండూ నా బీరువాలో ఉన్నాయి.

చర్చిలో కూడా అదే చెప్పాను. రిపేర్లండీ.

ఆగస్టు 24

140/90. తాళం మహిమ.

సెప్టెంబరు 14, ఆదివారం

కృత్తివెన్ను నుంచి ఒక రొయ్యల చెరువులాయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. గోడ తట్టి చూశాడు, నవ్వాడు. ఉండటానికి కాదుగానీ మేత బస్తాలు వేసుకోడానికి పనికొస్తుందన్నాడు. సముద్రానికి ఇంత దగ్గర్లో కాగితాలు కూడా చిక్కేనండీ అన్నాడు. అయినా కనుక్కుని చెప్తానన్నాడు.

సాయంత్రానికల్లా పాస్టర్ గారి ఫోన్. ఎలా తెలుస్తుందో. "బ్రదర్, ప్రభువుకి ఇచ్చినదాన్ని అమ్ముకుంటారా?" కోపంగా అడిగితే ఏదో ఒకటి అనేవాణ్ణి. ప్రేమగా అడిగారు. లేదండీ, ఎవరో పుకారు అన్నాను.

అమ్మలేను, ఉంచుకోలేను. ఇవ్వలేను, ఇవ్వనని అనలేను. కొరివితో తల గోక్కున్నవాణ్ణి నేనే.

సెప్టెంబరు 21

వెంకాయమ్మ ఫోన్ చేసింది. రిపేర్లకి మేస్త్రీలు ఎప్పుడొస్తారండీ, కాస్త పని ఉంటే చూడండి అని. వస్తారన్నాను. కుక్కర్ సంగతి నోటి దాకా వచ్చింది. సిగ్నల్ సరిగ్గా లేదు.

అక్టోబరు 26, ఆదివారం

తుఫాను వస్తోందట. టీవీలో మన తీరం మీద ఎర్రగా తిప్పుతున్నారు. పాస్టర్ గారు తీర ప్రాంతాల కోసం ప్రార్థన చేయించారు. రెబెకాకి సెలవులు రద్దు. ఇల్లు కొట్టుకుపోతే బాగుండునని కళ్ళు మూసుకుని ఉన్నంతసేపూ అనుకున్నాను. ఆమేన్ గట్టిగానే అన్నాను.

అక్టోబరు 28, మంగళవారం

పొద్దున్నుంచీ గాలివాన. బందరులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. రెబెకా నిన్నట్నుంచీ ఆసుపత్రిలోనే. మధ్యాహ్నం నుంచి గుడివాడలో కూడా కరెంటు లేదు.

ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాను.

అక్టోబరు 29, బుధవారం

గాలి తగ్గింది. చెట్లు పడ్డాయి. మా పెరట్లో మునగ విరిగింది.

నిన్న ఫోన్ సైలెంట్‌లో ఉంది. చూసుకోలేదు. వెంకాయమ్మ చేసినట్టుంది. తుఫాను షెల్టర్లు ఉన్నాయి కదా, వ్యాన్లు కూడా పెట్టారని టీవీలో చూపించారు. అయినా తాళంచెవులు ఇక్కడ బీరువాలో ఉన్నాయి, నేను ఎత్తి మాత్రం చేసేదేముంది.

అక్టోబరు 30, గురువారం

రెబెకా మూడు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నా ఫోన్ అడిగింది. బందరు ఆసుపత్రిలో తనతో పాటు ట్రైనింగ్ అయిన నర్సు ఉంది, ఆవిడ చెప్పిందట. సామ్యేలుని నిన్న అక్కడ చేర్చారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఆక్సిజన్ పెట్టారు.

ఆ రోజు మూడు గంటలు వానలో ఉన్నాడట, మన వరండాలో.

షెల్టరుకి పొద్దున వ్యాన్ వచ్చిందట. పల్లెలో పది ఇళ్ళవాళ్ళు ఎక్కలేదట. మాకు మేష్టారి ఇల్లుంది, తాళం పడదన్నారు అని ఉండిపోయారట. మధ్యాహ్నానికి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చేసరికి దారి మునిగిపోయింది. మంచాలూ, మేకలూ, ముసలివాళ్ళూ, అందరూ మన వరండాలో. తలుపుకి తాళం. చివరికి వీరదుర్గ గునపంతో గొళ్ళెం పగలగొట్టిందట.

రెబెకా నా ఫోన్లో కాల్స్ చూసింది. పదకొండు. మధ్యాహ్నం పన్నెండుంబావు నుంచి.

తాళంచెవులు నా దగ్గరున్నాయి కదా, ఎత్తి ఏం చెయ్యను అన్నాను.

"పగలగొట్టమనడానికి తాళంచెవి కావాలా?"

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. వెళ్ళి స్నానం చేసి పడుకుంది.

అక్టోబరు 31

కరెంటే లేదు, ఛార్జింగ్ ఎక్కడిది. ఫోన్ చేతిలోనే ఉంది. పేరు చూశాను. మొదటి కాల్ నుంచీ చూశాను. ఎత్తితే కాదనలేను, అందుకే ఎత్తలేదు. ఒకసారి తీస్తే మళ్ళీ ఆ తలుపు మూయలేనని అనుకున్నాను. మేకలని కూడా తీసుకొస్తారనుకున్నాను. కుర్చీలో కూర్చుని, అది ఆగేదాకా చూసి, మళ్ళీ మోగేదాకా కూర్చుని, మళ్ళీ చూశాను. మధ్యలో ఒకసారి టీ పెట్టుకున్నాను.

నవంబరు 2, ఆదివారం

ఇది రాయకపోతే బావుండును.

ఆరాధనలో పాస్టర్ గారు ప్రసంగం మధ్యలో ఆపి, మన సంఘంలో ఒక ఇల్లు నలభై మూడు ప్రాణాలు కాపాడింది అన్నారు. తుఫాను రోజున బ్రదర్ సాల్మన్ రాజు గారు ఫోన్లో, తాళం పగలగొట్టండి, నా ఇంటికంటే మీ ప్రాణాలు ముఖ్యం అని చెప్పారట. పల్లెలో అందరూ చెప్పారట. పాస్టర్ గారు బియ్యం బస్తాలు పంచడానికి వెళ్ళినప్పుడు వెంకాయమ్మే స్వయంగా చెప్పిందట.

నాకు అర్థం కాలేదు. నేను రెబెకా వైపు చూశాను, స్త్రీల వైపు మూడో వరసలో. రెబెకా నన్నే చూస్తోంది. ఏం చేస్తాడో చూద్దామన్నట్టు.

మైకు ఇచ్చారు. కీబోర్డు మోగుతోంది. లేచాను. చెప్పడానికే లేచాను, అది మాత్రం నిజం. నోరు తెరిచాను. అందరి మొహాలూ వెలుగుతున్నాయి. "దేవునికే మహిమ" అన్నాను. కూర్చున్నాను. స్తోత్రం, స్తోత్రం. పక్కాయన నా భుజం తట్టాడు.

ఆ ఫ్రిజ్ వాసన మళ్ళీ వచ్చింది. చేతులు చూసుకున్నాను. ఏం లేదు. నా ఒంటిదే.

నవంబరు 5, బుధవారం

సామ్యేలు పోయాడు. పొద్దున ఆరింటికి.

నవంబరు 6, గురువారం

భూస్థాపనకి వెళ్ళాం. రెబెకా నాతో వచ్చింది గానీ కార్లో వెనక కూర్చుంది. గుడ్లవల్లేరు, పెడన, బందరు. గంటన్నర.

పల్లెలో నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. కుర్చీ వేశారు. ఒక ముసలామె వచ్చి నా చేతులు కళ్ళకద్దుకుంది. వీరదుర్గ మంచినీళ్ళు తెచ్చి, మీ చల్లని మాట వల్ల నా పిల్లలు బతికారండీ అంది. తాగాను. మట్టి వేసేటప్పుడు మొదటి గుప్పెడు నన్నే వేయమన్నారు. వేశాను.

అందరూ వెళ్ళాక వెంకాయమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. రెబెకా పక్కనే నిలబడింది. నేను చెప్పానని ఎందుకు చెప్పావు, నేను ఫోనే ఎత్తలేదు కదా అని అడిగాను.

 ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. గొంతులో కోపం ఉంటే బావుండేది. లేదు.

కుక్కర్ దొరికిందనీ, మేష్టారు వచ్చి పొరపాటైందమ్మా అన్నారనీ అప్పుడే తనే కల్పించి ఊళ్ళో చెప్పేసిందట. లేకపోతే వాళ్ళ మధ్య తలెత్తుకుని తిరిగేదెలా. తాళంచెవి నేను తీసేసుకున్న సంగతి కూడా ఎవరికీ చెప్పలేదట, సామ్యేలుకి కూడా. అందుకే ఆ రోజు వ్యాన్ వచ్చినప్పుడు, మాకు మేష్టారి ఇల్లుంది, తాళంచెవి వెంకాయమ్మ దగ్గరే ఉంది అని వాళ్ళు ఉండిపోయారు. కాదని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. ఫోన్ చేస్తే మీరు సరేనంటారు కదా అనుకుందట.

"మీ మాట లేకుండా నేను తాళం పగలగొడితే దొంగతనం అయిపోద్ది కదండీ. ఒకసారి అనిపించుకున్నాను కదండీ. అందుకని మూడు గంటలు చూశానండీ. తడిసి తడిసి ఆయన పెదాలు నల్లబడ్డాయండీ. ఇక లాభం లేదని ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అలాగేనండీ, సరేనండీ మేష్టారండీ అని, పగలగొట్టమన్నారే అని వీరదుర్గతో చెప్పానండీ. అప్పటికి ఫోన్లో ఛార్జింగ్ కూడా లేదండీ."

నేను అక్కడే అరుగు కింద కూర్చుండిపోయాను. కుక్కర్ సునీత ఇంట్లో ఉంది, ఆగస్టులోనే తెలిసింది అన్నాను. పొరపాటైంది అన్నాను. నా నోటితో మొదటిసారి. ఆవిడ తలూపింది. ఆ మాట తను ఊరందరికీ ఎప్పుడో చెప్పేసింది కాబట్టి కొత్తగా వినడానికేం లేదు.

లోపలికి వెళ్ళి ఒక తాళం తెచ్చింది. చిన్నది, ఇనపది, కొత్తది. రెండు తాళంచెవులూ దారంతో కట్టి ఉన్నాయి. మీ తాళం పాడైపోయిందని అందరం తలా కాస్త వేసుకుని బజారులో కొన్నామండీ, ఇంట్లో ఏదీ పోలేదండీ, చూసుకోండి అంది. ఒక తాళంచెవి విప్పి ఆవిడకిచ్చాను, ఉంచుకో అన్నాను. చేతులు వెనక్కి తీసుకుంది.

"వద్దండీ. మీ దగ్గరే ఉండనీయండి. రేపు ఏదన్నా పోతే..."

రెబెకా మొహం పక్కకి తిప్పుకుంది.

నవంబరు 9, ఆదివారం

ఆరాధన మొదలవకముందే పాస్టర్ గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. పదకొండు కాల్స్, టీ, కుక్కర్, అన్నీ.  దేవుడు క్షమిస్తాడు బ్రదర్ అన్నారు. తర్వాత, ఇది మన ఇద్దరి మధ్యే ఉంచుదాం, ఆ సాక్ష్యం విని చాలామంది బలపడ్డారు అన్నారు.

అలాగేనండీ అన్నాను. ఎంత త్వరగా అన్నానో నాకే తెలుసు.

నవంబరు 16, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. పొద్దున్నే మంగినపూడి వెళ్ళాను. రెబెకా తనంతట తనే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మాట్లాడలేదు, కానీ ముందు కూర్చుంది.

హాల్లో మోకాలెత్తున బురద గీత ఉంది గోడల మీద. నల్లటి ఒండ్రు, మేక పెంటికలు, ఒక చంటిపిల్ల చెప్పు. ఫ్రిజ్ లేనిచోట పొయ్యి రాళ్ళు. రెబెకా కలంకారీ కర్టెన్లలో మిగిలినవి లేవు. వాటిని చింపి పసివాళ్ళకి చుట్టారట. పనికైనా వచ్చాయి అంది రెబెకా. పదిహేడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

మధ్యాహ్నం దాకా ఇద్దరం కడిగాం. ఆ తర్వాత గొళ్ళెం మిగిలిన సగం విప్పుదామని కూర్చున్నాను. మరలు తుప్పు పట్టి తిరగలేదు. హాక్సా బ్లేడుతో కోశాను. మరో గంట పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. కొత్త తాళం, రెండు తాళంచెవులు తీసుకెళ్ళి నూతిలో వేశాను. ఇక ఈ తలుపుకి తాళం వేద్దామన్నా పడదు.

వెనక పల్లెకి వెళ్ళి వెంకాయమ్మకి చెప్పాను, తలుపు తీసే ఉంటుంది, ఎప్పుడైనా ఎవరైనా రావచ్చని. డాబా మీద నెత్తళ్ళు ఆరబోసుకోండి, వీరదుర్గకి కూడా చెప్పు అన్నాను. అలాగేనండీ అంది. ఎంతో మర్యాదగా అంది.

సాయంత్రం దాకా డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండ బాగా కాసింది. కింద ఇసుకలో వెంకాయమ్మ, వీరదుర్గ చాప పరిచి నెత్తళ్ళు ఆరబోశారు. కర్ర పట్టుకుని కుక్కల్ని తోలుకుంటూ కూర్చున్నారు, పొద్దుగూకే దాకా. డాబా మెట్లు వాళ్ళకి ఇరవై అడుగుల దూరం. తలుపు బార్లా తెరిచి ఉంది.

ఎవరూ రాలేదు.